దాలమ్మ కంటి రేకు

"తల్లో సుండ్రు ఎరుగుదును గానీ కంట్లో సుండ్రేటమ్మా, ఇడ్డూరం కాకపోతే!" అంది దాలమ్మ.

గడ్డం యంత్రం మీద ఆనించి కదలకుండా కూర్చోమంటే కూర్చుంది గానీ, నోటిని మాత్రం ఎవరూ కూర్చోబెట్టలేకపోయారు. డాక్టర్ వారిజకి అలాంటి పేషెంట్లంటే ఇష్టం. భయపడి బిగుసుకుపోయేవాళ్ళకన్నా వాగేవాళ్ళు నయం, కనీసం ఊపిరి పీలుస్తారు.

"చుండ్రంటే చుండ్రు కాదులే. చూడ్డానికి అలా ఉంటుంది. పైకి చూడు. ఇప్పుడు కిందికి," అంది వారిజ.

సన్నటి వెలుగు గీత దాలమ్మ ఎడమకంట్లోకి దిగింది. శుక్లం ముదిరి పాత బెల్లం రంగుకి తిరిగిపోయింది. దానిమీద, కంటిపాప అంచు చుట్టూ, బూడిద చల్లినట్టు తెల్లటి పొట్టు. అంతవరకూ వారిజ రోజూ చూసేదే. కానీ కన్ను కదిలి ఆగాక కూడా లోపల లెన్సు ఒక్క క్షణం వణికింది. ఆ వణుకు చూశాక వారిజకి దాలమ్మ మాటలకి నవ్వు రాలేదు.

కుడికన్ను నీటికాసులకి ఎప్పుడో పోయింది. అదీ ఈ పొట్టు చేసిన పనే. అంటే ఉన్నది ఈ ఒక్క కన్నే.

శ్రీకాకుళం దాటాక సముద్రంవైపు తిరిగే రోడ్డు మీదుంటుంది ఆ ఆసుపత్రి. చుట్టుపక్కలంతా ఉప్పు మడులు. జనవరి నుంచి తొలకరి దాకా తెల్లటి ఉప్పుమీద ఎండ పడి, అద్దంలో పడ్డట్టు తిరిగి మొహాన కొడుతుంది. ఎండ మీదనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి. ఆ మడుల్లో ముసలైపోయిన వాళ్ళ కళ్ళల్లో ఈ పొట్టు ఎక్కువని వారిజ అనుమానం. అందుకే పట్నంలో మంచి ఉద్యోగం వదులుకుని ఇక్కడికొచ్చి కూర్చుంది. ఇంట్లోవాళ్ళు దీన్ని పిచ్చి అన్నారు. ఆమె కాదనలేదు.

దాలమ్మ వెనక ఆమె మొగుడు తవిటయ్య నిలబడి ఉన్నాడు. తాటిచెట్టంత మనిషి. డెబ్బై దాటినా నడుం వంగలేదు.

"కూర్చో పెద్దాయనా. ఎంతసేపు నిలబడతావ్?"

"పర్లేదమ్మా."

"ఆయన కూకోడమ్మా," అంది దాలమ్మ. "అన్నం కూడా నిలబడే తింటాడు. మా ఊళ్ళో ఈయన్ని నిలువు తవిటయ్యంటారు. పెళ్ళినాడు పీటమీద కూకున్నాడు సూడు, అదే ఆకరు."

తవిటయ్య మొహమాటంగా నవ్వాడు. ఆ నవ్వు పెళ్ళాం చూడలేదు. ఆమెకి ఆ దూరం నుంచి మొహాలు కనబడ్డం మానేసి ఏడాదైంది.

*

ఆసుపత్రి వెనక పాత వంటగదిలో ఖాదర్ యంత్రం ఉంది. ఖాదర్ వారిజకి ఇంటర్మీడియట్ నాటి స్నేహితుడు. ఇంజనీరు. పప్పు ఉడికే వాసన ఇంకా పోని ఆ గదిలోనే ఇద్దరూ కలిసి నాలుగేళ్ళు తలలు బద్దలు కొట్టుకున్నారు.

శుక్లం ఆపరేషన్లో లెన్సుని చుట్టి ఉన్న సంచి పైపొరలో గుండ్రంగా చిన్న రేకు కోసి తీస్తారు. లోపలికి దారి కావాలి కదా. ఆ రేకుని ఏ దేశంలోనైనా చెత్తబుట్టలో వేస్తారు. వారిజ ఒకనాడు వెయ్యలేదు. పొట్టు పట్టిన కంటి రేకుని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, పొట్టుమీద సన్నటి గీతలు కనబడ్డాయి. కంటిపాప తెరుచుకున్నప్పుడల్లా, ముడుచుకున్నప్పుడల్లా దాని అంచు వెనకనున్న పొట్టుని రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడి గీతలవి. పొరమీద పొరగా, ఏళ్ళ తరబడి. గ్రామఫోను ప్లేటుమీద సూది వెళ్ళినట్టు ఆ గీతలమీద వెలుగుని నడిపించి చదవొచ్చని కనిపెట్టినవాడు ఖాదర్.

రోజూ పొద్దున్నే యంత్రాన్ని సరిచూసుకోవాలి. అందుకు వారిజ కన్నే వాడతాడు.

"కదలకు," అంటూ ఖాదర్ కిటికీ తెర లాగాడు. గది మసకబడింది. యంత్రం తెరమీద గీత నిదానంగా, ఏటవాలుగా పైకెక్కి అక్కడే నిలబడిపోయింది.

"ఇప్పుడు చూడు." కిటికీ తెర తీసేసి, వెలుగు సమంగా ఉండగా, వారిజ కూతురి ఫొటో ఒకటి ముందు పెట్టాడు. ముందు పళ్ళు ఊడిన రెండో తరగతి ఫొటో. గీత చటుక్కున ఎగిరింది.

"ఇది ఏటి బావూ?"

ఇద్దరూ తిరిగి చూశారు. గుమ్మంలో తవిటయ్య. చేతిలో ఖాళీ నీళ్ళసీసా. కుళాయి కోసం వచ్చి ఆగిపోయాడు.

ఖాదర్‌కి తన యంత్రం గురించి చెప్పడమంటే పెళ్ళిలో వడ్డించినంత సంబరం. అడగాలే గానీ విస్తరి నింపేస్తాడు. "వెలుగు తగ్గితే కంటిపాప నిదానంగా తెరుచుకుంటుంది పెద్దాయనా. అది వెలుగు పని. దాంతో మాకు పనిలేదు, లెక్కలోంచి తీసిపారేస్తాం. అదే మనసుకి నచ్చినవాళ్ళు కనబడ్డారనుకో, వెలుగు తగ్గకపోయినా చటుక్కున తెరుచుకుంటుంది. అది మనసు పని. మనం దాచుకుందామన్నా దాగదు. మాకు కావలసింది అదే."

తవిటయ్య సీసా చేతులు మార్చుకున్నాడు. "పాతయి కూడా సెప్తాదా?"

"రేకు నడుమ కొత్త ఏళ్ళు, అంచుకి పోయేకొద్దీ పాత ఏళ్ళు. ఎంత వెడల్పు కోస్తే అంత వెనక్కి పోవచ్చు. పెద్ద రేకు దొరికితే పెళ్ళినాటిదాకా కూడా..."

"ఖాదర్," అంది వారిజ.

ఖాదర్ ఆగాడు. ఇద్దరికీ మొదట్లో రేకు చదివిన ఓ హెడ్మాస్టరుగారి సంగతి గుర్తొచ్చింది. ఆయన రేకుమీద రోజూ సాయంత్రం ఒకే వేళకి గీత ఎగిరింది, ఏళ్ళ తరబడి. ఆ వేళకి ఇంట్లో ఉండని ఆయన భార్య ఆ కాగితం చూసి మాటా పలుకూ లేకుండా పుట్టింటికి వెళ్ళిపోయింది. సాయంత్రం డాబామీద ఆయన పావురాలకి గింజలు వేసేవాడని తేలడానికి నెలలు పట్టింది. రేకుమీద గీతలుంటాయి గానీ పేర్లుండవు. పేర్లు మనుషులు రాసుకుంటారు. అప్పట్నుంచీ వారిజ ఒక నియమం పెట్టింది: ఏ రేకు చదివినా కన్ను ఎవరిదో వాళ్ళకే చెప్పాలి, లేదా వాళ్ళు చెప్పమన్న వాళ్ళకి.

"కుళాయి ఆ పక్కనుంది పెద్దాయనా," అంది వారిజ. తవిటయ్య తలూపి వెళ్ళాడు. సీసా మాత్రం నింపుకోకుండానే తిరిగి వెళ్ళడం ఆమె కిటికీలోంచి చూసింది.

*

మధ్యాహ్నం భోజనాల గదిలో తవిటయ్య గోడవారగా నిలబడి తింటున్నాడు. బెంచీలన్నీ ఖాళీ. వారిజని చూసి పళ్ళెం దించాడు.

"డాట్రమ్మా, ఒక మాట. ఆ రేకు... మా ఇంటిదానిది పెద్దది కొయ్యగలరా?"

"ఎందుకు?"

అతను పళ్ళెంలోకి చూస్తూ చెప్పాడు. "మాది ఉప్పు కొంప. ఆళ్ళది ఏటివొడ్డు, వరి పండే ఊరు. సంబందానికి ఎల్లినప్పుడు అది లోపల్నుంచి ఆళ్ళ నాయన్తో అంతాంది, 'ఉప్పోళ్ళ ఇంటికి నన్నియ్యకండి, నా కళ్ళు పోతాయి' అని. నాను అరుగుమీదున్నాను. ఇన్నాను. అయినా ఆళ్ళిచ్చీసినారు, నాను సేసుకున్నాను. ఇప్పుడు అదన్నట్టే అయిపోనాది కదమ్మా. తినేసినాను దాని కళ్ళు. బతుకంతా నాతో నవ్వింది, వొండి పెట్టింది, పిల్లల్ని కన్నాది. కానీ ఒక్కసారేనా నన్ను ఇష్టంగా సూసిందో, కానిమ్మని సరిపెట్టుకుందో... నాకు తెల్దు."

వారిజ బెంచీమీద కూర్చుంది. ఇలాంటివి నిలబడి వినే మాటలు కావు. అతను మాత్రం నిలబడే ఉన్నాడు.

"అడగలేకపోయావా?"

"అడిగితే 'ఇట్టమే' అంతాది. ఇంకేటంతాది మరి?"

వారిజ అతనికి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "చూడు పెద్దాయనా. కంట్లో లెన్సు ఉట్టిమీద కుండలా వేలాడుతుంది. చుట్టూ సన్నటి దారాలు దాన్ని పట్టుకుని ఉంటాయి. ఈ పొట్టు ఆ దారాల్ని చివికించేసింది. పొద్దున నేను చూస్తుండగానే కుండ ఊగింది. ఇప్పుడు దారాలు తెగకుండా కుండలో ఉన్నది తోడేసి, ఖాళీ కుండలో కొత్త లెన్సు పెట్టాలి. చిన్న రేకు కోస్తేనే భయం. పెద్దది కోశానంటే చిరుగు అంచుదాకా పాకుతుంది. ఉట్టి తెగితే కుండ కంటి అడుక్కి పడిపోతుంది. దాన్ని మళ్ళీ తియ్యడం నా చేతిలో పని కాదు, పట్నం పంపాలి. తీసినా చూపు వస్తుందని చెప్పలేను. ఆమెకి ఉన్నది ఒక్క కన్ను."

మాట పూర్తవకముందే తవిటయ్య తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టాడు.

"వొద్దమ్మా, వొద్దు. నానడిగినట్టు దానికి సెప్పకండి. ఇన్నేళ్ళు తెల్దు, ఇంకెన్నాళ్ళు బతుకుతాను గనక? నాకు తెలీకపోతే కొంపేం మునగదు. దానికి కనబడితే సాలు."

ఆ తరవాత అన్నం తినలేకపోయాడు. పళ్ళెం కడిగి, బోర్లించి, భార్య మంచం దగ్గరికి వెళ్ళాడు.

*

ఆపరేషన్ రోజున మొహమ్మీద పచ్చగుడ్డ కప్పబోతుంటే దాలమ్మ వారిజ చెయ్యి పట్టుకుంది.

"డాట్రమ్మా, పెద్దదే కొయ్యి."

"ఏంటి?"

"రేకు. పెద్దది కొయ్యి. ముసిలోడు ఆ బావు గదికాడ నుంచొచ్చిన కాడినుంచి కూడు తింతలేదు. ఆ బావునే పిలిచి అడిగినాను, యంత్రం సంగతి సెప్పినాడు. పక్కమంచంకాడి మనిషి బోజనాల గది బయట నిలబడి మీ మాటలన్నీ ఇన్నాదంట, అదీ సెప్పింది. ఆ పాత మాట ఆయన ఇన్నాడని నాకెప్పుడో తెలుసును తల్లీ. అప్పుడు నాకేటి తెలుసును, పదారేళ్ళ గుంటని. నోటికొచ్చింది అన్నాను. ఆయన దాన్ని మనసులో పెట్టుకుని నలిగిపోతన్నాడు."

"మరి నువ్వే చెప్పొచ్చుగా, ఇష్టమేనని?"

"సెప్పనేదేటి! నమ్మడు. నన్ను ఊరడిత్తన్నావులే అంతాడు. నా మాట నమ్మడు గానీ మిసను సెప్తే నమ్ముతాడు. కోసీ. కన్ను పోతే పోనాది, ఎలగూ సూసీసినవే కదా అన్నీ. వొచ్చింది ఏటైనా ఆయనకే సెప్పండి. వేలిముద్దర కూడా ఏసిచ్చినాను."

వారిజ పచ్చగుడ్డ సర్దింది. "ముందు నోరు మూసుకుని పడుకో. కన్ను నాది ఇప్పుడు," అంది. దాలమ్మ కిసుక్కున నవ్వింది.

చుక్కలు ఎన్ని వేసినా కంటిపాప సరిగ్గా తెరుచుకోలేదు. ఏళ్ళ ఎండకి బిగుసుకుపోయింది. వారిజ సన్నటి కొక్కేలతో దాన్ని నాలుగువైపులకీ పట్టి నిలిపింది. పొరకి నీలం రంగు అద్ది, పట్టకారుతో అంచు పట్టి గుండ్రంగా చీల్చడం మొదలుపెట్టింది.

పొర చెప్పినట్టు వింటోంది. ఆశ్చర్యంగా, మెత్తగా వింటోంది. మొత్తం చుట్టు తిరగబోతుండగా ఆమెకి అంచునున్న తెల్లటి పాత వలయం కనబడింది. పెళ్ళినాటి ఏళ్ళు అక్కడున్నాయి. ఇంకో వెంట్రుకవాసి, ఇంకో రెండు వెంట్రుకలవాసి బయటికి లాగితే చాలు. ఖాదర్ అడగడు గానీ, అతనికి కావలసిందీ అదే. కన్ను ఇచ్చిన మనిషి చెయ్యి పట్టుకుని మరీ అడిగింది. వారిజ మణికట్టు ఒక్క లిప్తపాటు ఆగింది.

తరవాత చిరుగుని లోపలికే మళ్ళించి, మామూలు రేకే తీసింది.

అది ఎంత మేలైందో కాసేపటికే తెలిసింది. గట్టిపడ్డ శుక్లాన్ని ముక్కలు చేస్తుండగా ఓ పక్క దారాలు పుటుక్కున తెగాయి. కుండ పక్కకి వాలింది. వారిజ అన్నీ ఆపి, సంచి లోపలి అంచు వెంబడి సన్నటి ప్లాస్టిక్ ఉంగరం జార్చింది. ఉంగరం విచ్చుకుని నాలుగువైపులా ఒత్తింది. వాలిన కుండ నెమ్మదిగా సర్దుకుంది. పెద్ద రేకే కోసి ఉంటే ఆ ఉంగరాన్ని నిలబెట్టే అంచే మిగిలేది కాదు. కొత్త లెన్సు కూర్చున్నాక చూసుకుంటే వీపంతా చెమట.

"అయిపోనాదేటి?" అంది గుడ్డకింద నుంచి దాలమ్మ.

"అయిపోయింది."

"పెద్దదే కోసినావా?"

"కొయ్యలేదు."

"మొండి గుంట," అంది దాలమ్మ. ఆ తిట్టు వారిజకి చాలా హాయిగా ఉంది.

మర్నాడు పొద్దున కట్టు విప్పారు. దాలమ్మ ముందు గోడ చూసింది, ఫ్యాను చూసింది, వారిజ ముక్కుపుడక చూసి "బాగుంది, ఎక్కడ సేయించినావ్?" అంది. ఆఖరికి మంచం కాళ్ళవైపు నిలబడ్డ మనిషి దగ్గర ఆమె చూపు ఆగింది.

"ఓలమ్మో! ఇంత ముసిలోడివైపోనావేటి మావా!"

నర్సులు పగలబడి నవ్వారు. తవిటయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

*

వారం తరవాత చూపించుకోవడానికి వచ్చారు. కన్ను తేటగా ఉంది, ఉంగరం కదల్లేదు. చుక్కలు మళ్ళీ రాసిచ్చి వారిజ దాలమ్మతో మాట్లాడుతుండగా, ఖాదర్ తవిటయ్యని వరండాలోకి పిలిచాడు. దాలమ్మ వేలిముద్ర వేసిచ్చిన కాగితం ఉంది, అతను నియమం తప్పలేదు. కానీ మొహం వేలాడిపోయింది.

వారిజ బయటికి వచ్చేసరికి మాట అయిపోయింది.

"ఏమీ లేవు," అన్నాడు ఖాదర్ ఆమెతో, తగ్గు స్వరంతో. "చిన్న రేకే అయినా పదిహేనేళ్ళు చదవగలిగాను. మూడేళ్ళ కిందటిదాకా ఇద్దరూ మడుల్లో పనిచేశారు కదా. అప్పుడు పగలంతా ఆమె పాప సూదిమొనలా ముడుచుకునే ఉంది. మనసు పని అనదగ్గ గీత ఒక్కటి లేదు. ఇంట్లో గీతలు దీపం మసకలో కలిసిపోయాయి, ఈ మూడేళ్ళవి శుక్లం మసకలో. నీడ గీతలున్నాయి గానీ అవి లెక్కలోకి రావు. అబద్ధం చెప్పలేకపోయాను వారిజా."

తవిటయ్య వరండా స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నాడు. వారిజని చూసి నవ్వబోయాడు. "అనుకున్నదేనమ్మా. మిసనుకి నా మీద కోపమేటుంతాది? ఉన్నదే సెప్పింది. దానికి సెప్పకండి. అంతా బాగుందంట అని నానే సెప్తాను."

"పెద్దాయనా, యంత్రాలు కూడా..."

"పర్లేదు తల్లీ. కళ్ళు కనబడతన్నాయి కదా దానికి. అదే సాలు."

అతను లోపలికి వెళ్ళి భార్య చెప్పులు వెతికి, ఆమె పాదాల ముందు సర్ది పెట్టాడు. ఆమె సంచి భుజానికి తగిలించుకున్నాడు. వారిజకి ఖాదర్ మీదా, యంత్రం మీదా, అన్నిటికన్నా తన మీదా పట్టరాని కోపం వచ్చింది. నలభై యాభై ఏళ్ళు మనిషి పక్కన బతికిన మనిషికి, నీకేం దక్కలేదని చెప్పడానికా ఇంత చదువు చదివింది?

పై అంతస్తులో తన గదికి పోయి కిటికీ దగ్గర నిలబడింది. కింద సిమెంటు వేసిన ఖాళీ వాకిలి ఎండకి తెల్లగా మెరుస్తోంది. బస్సుకి ఇంకా టైముంది. దాలమ్మ పిట్టగోడమీద కూర్చుని అన్నం గిన్నె విప్పింది. తవిటయ్య ఓ చేత్తో అన్నం ముద్ద పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు. ఎండకి వీపు పెట్టి, కాళ్ళు ఎడంగా వేసి, కదలకుండా.

అతని నీడ సరిగ్గా ఆమె మొహమ్మీద పడింది. ఆమె తలెత్తి ఏదో అంది. ఎండ కాస్త జరిగింది. అతనూ చూడకుండానే ఒక అడుగు జరిగాడు.

వారిజ మెట్లమీద నుంచి దాదాపు దొర్లుకుంటూ దిగింది.

"పెద్దాయనా! నువ్వు నిలబడి ఎందుకు తింటావు?"

తవిటయ్య తెల్లబోయాడు. ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న అది. "ఉప్పు నేల్లో సెట్టు మొలవదు కదమ్మా. గట్టుమీద గొడ్డుకి కూడా నీడుండదు. అది అన్నం తిన్నంతసేపేనా కంటికి సల్లగా ఉండాలని... అలవాటైపోనాది."

"రోజూనా?"

"ఎండున్న రోజల్లా."

"బస్సెక్కకండి," అంది వారిజ. "నేనొచ్చేదాకా బస్సెక్కకండి!"

ఖాదర్ తన పాత వంటగదిలో తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. "నీడ గీతలు చూపించు. తీసిపారేసినవన్నీ. మనం పారేసింది వెలుగు తగ్గిన గీతల్ని కాదు, ఆ మనిషిని!" అంది వారిజ, రొప్పుతూ.

ఖాదర్‌కి అర్థం కావడానికి కొంత టైము పట్టింది. అర్థమయ్యాక పారేసిన గీతల్ని తెరమీదికి తెచ్చాడు. పట్నంలో దీపాల కింద బతికే వాళ్ళకోసం కట్టిన లెక్క అది. నీడ అంటే మబ్బో, గదో, తెరో అనుకుంది. నీడ మనిషి కావచ్చని దానికి తెలీదు.

గీతలు వరసగా వచ్చాయి. ఉప్పు కాలమంతా, రోజుకొకటి, మధ్యాహ్నం అన్నం వేళ. వానాకాలంలో లేవు. మళ్ళీ జనవరికి మొదలు. ముందు నీడ పడ్డప్పటి ఏటవాలు గీత, నిదానంగా. దాని కొసన, నీడ పడి స్థిరపడ్డాక, చటుక్కున ఇంకో చిన్న ఎగురు. ఒకటి పెద్దది చేసి చూపించాడు ఖాదర్. ఇంకొకటి. ఇంకొకటి. అన్నిటికీ కొసన ఆ ఎగురుంది.

"వెలుగు మారలేదు ఇక్కడ," అన్నాడు ఖాదర్ మెల్లగా. "తలెత్తి చూసింది. అంతే."

"ఈ ఖాళీ ఏంటి?" ఒక ఏడు, ఉప్పు కాలం మధ్యలో, వారాల తరబడి ఏమీ లేదు. నీడ లేదు, ఎగురూ లేదు. సూదిమొన పాప మాత్రం ఎండలో అలాగే ఉంది.

ఖాదర్‌కి తెలీదు. వారిజ ఆ కాగితం అచ్చు తీసుకుని మళ్ళీ ఎండలోకి పరిగెత్తింది. వెనకాలే ఖాదర్.

బస్సు వచ్చి పోయినట్టుంది. వాళ్ళు ఎక్కలేదు. దాలమ్మ గిన్నె కడుక్కుంటోంది, తవిటయ్య ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

"దాలమ్మా, ఒక ఏడు పని మధ్యలో కొన్ని వారాలు పెద్దాయన మడికి రాలేదా?"

"కాలిరిగిన ఏడు," అంది దాలమ్మ తడుముకోకుండా. "తట్ట మీద పడి ఇరిగింది. నానొక్కదాన్నే ఎల్లేదాన్ని. ఏం ఎండనుకున్నావు తల్లీ అది, అన్నం గొంతు దిగీది కాదు. ఎందుకూ?"

వారిజ తవిటయ్య వైపు తిరిగింది. కాగితం అతని చేతికిచ్చి, గీతమీద వేలు పెట్టి చూపించింది.

"ఇది నీ నీడ పెద్దాయనా. ఇది నువ్వొచ్చి నిలబడ్డం. ఇదిగో, ఈ పైకి ఎగిరింది ఉంది చూడు. ఇది వెలుగు పని కాదు. నీడ పడ్డాక తలెత్తి నీ మొహం చూసింది. అప్పుడు ఎగిరింది. మా లెక్క నీడతోపాటు దీన్నీ పారేసింది. తప్పు మాది. ఆమెది కాదు, నీది కాదు. నువ్వున్న ప్రతి రోజూ ఉంది. నువ్వు లేని రోజున లేదు."

తవిటయ్యకి చదువు రాదు. కానీ ఆ గీత చదవడానికి చదువు అక్కర్లేదు. వేలు పెట్టి ఒక ఎగురు తడిమాడు, పక్కది తడిమాడు, కాగితం చివరిదాకా వెళ్ళాడు.

"రోజూనా?" అన్నాడు.

"రోజూ," అన్నాడు ఖాదర్.

"సెప్తే ఇన్నావా?" అంది దాలమ్మ, గిన్నె దులుపుతూ. "ఊరడిత్తన్నాననేవోడివి. ఇప్పుడు మిసను కూడా ఊరడిత్తందేటి?"

తవిటయ్య మోకాళ్ళు మెల్లగా వంగాయి. తాటిచెట్టంత మనిషి, పెళ్ళిపీట తరవాత కూర్చోవడం ఎవరూ చూడని మనిషి, పిట్టగోడమీద పెళ్ళాం పక్కన కూలబడి, కాగితం ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వారిజ కళ్ళు కూడా నిండాయి. ఖాదర్ ఎటో చూస్తున్నాడు.

దాలమ్మ అతని వీపు నిమిరింది. కాసేపు నిమిరి, కొత్త కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మో, ఎండ! సాల్లే గానీ లెగు మావా, కంట్లో పడతంది."

తవిటయ్య కళ్ళు తుడుచుకుని, లేచి, తన చోట నిలబడ్డాడు.